చెవితో కొన్న ఇల్లు

కొత్త ఇంట్లోకి ముందుగా అడుగుపెట్టేది ఆవు అని అందరూ అనుకుంటారు. ఆవుకన్నా ముందు మేళం వెళ్తుంది. నేను సన్నాయి వాయించేవాణ్ణి కాబట్టి, విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా ఎన్నో ఇళ్ళలోకి వాటి యజమానులకన్నా ముందు నేనే వెళ్ళాను. రంగు వాసన పోని గోడలు, స్టిక్కర్లు ఊడదీయని కిటికీ అద్దాలు, ఒక్క సామానూ లేని గదులు. మేం లోపలికి వెళ్ళి ఒక చుట్టు వాయించి, మళ్ళీ వచ్చి గుమ్మం దగ్గర నిలబడతాం. మేం పక్కకి తప్పుకున్నాకే దంపతులు కుడికాలు లోపల పెట్టాలి. మా నాన్న నాకు నేర్పిన పద్ధతి ఇదే.

అలా తిరిగి తిరిగి నాకొక పొగరు పట్టుకుంది. గదిలో మొదటి స్వరం ఊదగానే ఆ ఇల్లు ఎలాంటిదో చెప్పేయగలనని నా నమ్మకం. బయటికొచ్చాక మా బావమరిది చెవిలో, "ఈ ఇల్లు బాగా పలికింది, వీళ్ళు సుఖపడతారు" అనో, "ఇది మూగదిరా" అనో తీర్పు చెప్పేవాణ్ణి. వాడు నాతోపాటు రెండో సన్నాయి వాయిస్తాడు. కోటబొమ్మాళిలో ఉంటాడు. "నువ్వు వాయించడానికొచ్చావా, జాతకం సెప్పడానికొచ్చావా బావా?" అని నవ్వేవాడు. ఇతరుల ఇళ్ళకి చెప్పిన జాతకాల వల్ల ఎవరికీ నష్టం లేదు. నా ఇంటికి కూడా అలాగే చెప్పుకోవడమే నేను చేసిన తప్పు.

అప్పటిదాకా మాకు సొంతిల్లు లేదు. మాకే కాదు, మా వంశంలో ఎవరికీ లేదు. రామతీర్థం దాటాక ఒక చిన్న ఊళ్ళో, గుడివాళ్ళు మేళగాళ్ళకి ఇచ్చిన రెండు గదుల పెంకుటింట్లో మా తాత ఉన్నాడు, నాన్న ఉన్నాడు, నేనున్నాను. అద్దె లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దేవుడి దగ్గర వాయించాలి. కొలువు ఉన్నన్నాళ్ళు ఇల్లు ఉంటుంది, కొలువు పోతే ఇల్లూ పోతుంది. మా నాన్నకి అందులో లోటేమీ కనిపించలేదు. వేకువనే వీధరుగు మీద కూర్చుని ఆయన సాధన మొదలుపెడితే, ఆ ధ్వనికే ఊరు లేచి పశువుల దగ్గరకి వెళ్ళేది. ఒక్కరు కూడా ఆపమనలేదు.

లోటు కనిపించింది మా ఆవిడకి. పెళ్ళయి వచ్చిన మొదటి ఏడాదే, పుట్టింటి నుంచి తెచ్చుకున్న అద్దం తగిలించుకోవడానికి గోడకి ఒక మేకు కొట్టింది. పండక్కి సున్నాలు వేయించడానికి వచ్చిన గుడి పెద్ద ఆ మేకు చూశాడు. "గోడ దేవుడిదమ్మా, నీది కాదు. మట్టిగోడ, మేకులు కొడితే రాలిపోతాది" అన్నాడు. చెడ్డగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. అక్కడే నిలబడి మేకు పీకించి, కన్నంలో సున్నం పెట్టించి వెళ్ళాడు. తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆ అద్దం ట్రంకుపెట్టె మీద గోడకి ఆనించే ఉంది. తల దువ్వుకోవాలంటే ఆవిడ వంగేది. రోజూ నా కళ్ళ ముందే వంగేది. నాకది కనిపించేది కాదు. కనిపించేది కాదని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆవిడ చదువుకున్న మనిషి. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో రికార్డుల గదిలో ఉద్యోగం తెచ్చుకుంది. రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. ఒకరోజు వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా, "ఇల్లు కొందారి. నా పేరున లోను ఇస్తారట" అంది. నేను నవ్వాను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు అన్నాను. "కట్టమన్లేదు కదా, కొందారంతన్నాను" అని లోపలికి పోయింది. ఆ మాట అన్న తీరు చూశాక ఇక నవ్వలేదు.

విజయనగరం శివార్లలో ఒక మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు చూశాం. ఆవిడ కుళాయిలు తిప్పి చూసింది, వంటింట్లో పొయ్యి ఏ దిక్కుకి వస్తుందో చూసింది, కిటికీ రెక్కలు మూసి తెరిచింది. అమ్మేవాడు వెంట తిరుగుతూ, పదిహేనేళ్ళు ఓపిక పడితే దీని విలువ మీకే తెలుస్తుందని చెబుతున్నాడు. నేను హాలు మధ్యలో నిలబడి సంచిలోంచి సన్నాయి తీశాను. నోట్లో పెట్టుకుని ఊదే రెల్లు పీక తడుపుకుని, కింది షడ్జం ఒక్కటి ఊదాను.

ఏం చెప్పను! ఆ హాలు గుడి మండపంలా పలికింది. స్వరం నాలుగు గోడల్నీ తాకి, మెల్లగా తిరిగి నా దగ్గరకే వచ్చింది. ఆపేశాక కూడా కాసేపు ఉంది. ఇదే అన్నాను. వెంటవచ్చిన బావమరిది తల గోక్కున్నాడు. "బావా, ఖాళీ కుండ మోగకేటి సేస్తాది? ఇల్లు కొనీవోడు ఎవుడైనా నీళ్ళు సూస్తాడు, సుట్టుపక్కల జనాన్ని సూస్తాడు. నువ్వేటి ఊది సూస్తన్నావు?" అన్నాడు. వాడి మాట నాకు చెవికెక్కలేదు. అప్పటికే నా చెవి నిండా ఆ షడ్జమే ఉంది.

గుడి కొలువు వదిలేసి, తాళంచెవి గుడి పెద్ద చేతిలో పెట్టి వచ్చేశాం. గృహప్రవేశం రోజున నాకొక చిక్కు వచ్చింది. యజమానిని కాబట్టి దేవుడి పటం పట్టుకుని గుమ్మం బయట నిలబడాలి. మరి వాయించేది ఎవరు? మా బావమరిదే. పుట్టింటివాళ్ళు పెట్టాల్సిన బట్టలు అక్కకి పెట్టి, వెంటనే చెమట తుడుచుకుని సన్నాయి అందుకున్నాడు. ఆవు మెట్లెక్కదు కదా, కింద స్కూటర్ల మధ్యనే దానికి పూజ చేసి పైకి వచ్చాం. పుట్టి బుద్ధెరిగాక మేళాన్ని ఇంటి యజమాని నిలబడే చోటునుంచి వినడం నాకు అదే మొదలు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. వాడు పక్కకి తప్పుకున్నాడు. మా ఆవిడ కుడికాలు లోపల పెట్టింది. అపార్ట్‌మెంట్‌లో వాళ్ళంతా మెట్ల మీద నిలబడి విన్నారు. కింది వాటాలో ఉండే రిటైరైన పంతులమ్మగారు నా చేయి పట్టుకుని, "మా బిల్డింగుకే కళ వచ్చింది బాబూ" అన్నారు.

వారం తిరక్కుండా మా ఆవిడ గోడలన్నిటికీ మేకులు కొట్టించింది. అద్దానికి, క్యాలెండరుకి, మా నాన్న ఫొటోకి, గొడుక్కి, చేటకి. హాల్లో కిటికీ పక్కన ఇంకో మేకు కొట్టించి, "ఇది మీ సన్నాయికి" అంది. నాకు కోపం వచ్చింది. వాయించేవాడి సన్నాయి సంచిలో ఉండాలి, గోడకెక్కింది అంటే ఆ మనిషి పని అయిపోయిందని అర్థం అని కసిరాను. ఆవిడ మళ్ళీ అడగలేదు, మేకు పీకనూ లేదు. అది అలా ఖాళీగానే ఉండిపోయింది.

కసిరిన రెండో రోజు పొద్దున్నే సాధనకి కూర్చున్నాను. పావుగంట కాకుండా తలుపు కొట్టారు. పై వాటా ఆయన, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ, అప్పుడే వచ్చి పడుకున్నాడట. ఆ మర్నాడు పంతులమ్మగారు వచ్చారు. గృహప్రవేశం రోజున పొగిడిన ఆవిడే. "నాది నాసి గుండె బాబూ. నువ్వు ఊదితే మంచం వణుకుతంది" అన్నారు. అవును మరి. నేను మెచ్చుకుని కొన్న ఆ పలుకుడంతా గోడల్లోంచి, స్లాబులోంచి అందరి ఇళ్ళకీ వెళ్తోంది. సామాన్లు చేరాక మా హాలు మాత్రం మామూలు హాలయిపోయింది. తీపంతా పోయి, గొడవ మాత్రం మిగిలింది.

అపార్ట్‌మెంట్ వాళ్ళు మీటింగు పెట్టారు. నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, తీర్మానం చేశారు. శుభకార్యాలకి తప్ప భవనంలో మేళం వాయించరాదు. నేనూ సంతకం పెట్టాను. ఎవరిమీద కేకలు వెయ్యను? నిద్రలేని మనిషి నిద్ర అడిగాడు, గుండెజబ్బు మనిషి నెమ్మది అడిగింది. నలుగురూ చెడ్డవాళ్ళయితే పోట్లాడి బతకొచ్చు. నలుగురూ మంచివాళ్ళయిన చోట దారి ఏముంది?

నేను చేయని ప్రయత్నం లేదు. చిన్న గదికి దుప్పట్లు కట్టి, పరుపులు నిలబెట్టి లోపల ఊదాను. అరగంటకి గాలాడక కళ్ళు బైర్లు కమ్మాయి. డాబా ఎక్కితే పక్క వీధి వాళ్ళు కూడా గొడవకి వచ్చారు. స్కూటరేసుకుని రైలు గేటు అవతల తోటల్లోకి పోయేవాణ్ణి. అక్కడ జీడిమామిడి కాపలావాడు నాలుగు రోజులు విని, ఐదో రోజు "కోతులు బెదిరి పక్క తోటకి పోతన్నాయి, ఆలొచ్చి నన్ను తిడతన్నారు" అన్నాడు. ఆఖరికి హాల్లో కూర్చుని, ఊదకుండా, వేళ్ళతో మాత్రం రాగాలు నడపడం మొదలుపెట్టాను. కన్నాల మీద వేళ్ళు ఆడుతుంటాయి, ధ్వని ఉండదు. వంటింట్లోంచి తొంగిచూసి మా ఆవిడ, "కల్యాణి రాగమా?" అనేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది. ఆవిడ సరిగ్గా చెప్పినకొద్దీ నాకు మంట పుట్టేది.

వేళ్ళకి సాధన ఉంటే సరిపోదు. సన్నాయి అంటే ఊపిరి. రోజూ ఊదకపోతే అది తగ్గిపోతుంది, ఒకసారి తగ్గితే నా వయసులో తిరిగి రాదు. అమ్మినవాడి మాట గుర్తొచ్చి ఒళ్ళు మండేది. పదిహేనేళ్ళు ఓపిక పడితే ఇంటి విలువ పెరుగుతుందట. ఆ పదిహేనేళ్ళలో నా ఊపిరి విలువ ఎంతకి దిగుతుందో ఏ కాగితంలోనూ రాయలేదు. ఇల్లు అమ్మేద్దామని ఒకసారి నోరు జారాను. మా ఆవిడ అద్దం ముందు నిటారుగా నిలబడి జడ వేసుకుంటోంది. చేతులు ఆగాయి. "నాను సస్తే శవాన్ని దించుకుని అమ్ముకోండి" అంది. అటు ఇల్లు, ఇటు సన్నాయి. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

అలా మూడేళ్ళు గడిచాయి. మొన్న కార్తీకంలో నరసన్నపేట దగ్గర ఒక పెళ్ళి ఒప్పుకున్నాం. తాళి కట్టే వేళ గట్టిమేళం వాయిస్తాం కదా, తుమ్ము గాని చెడ్డమాట గాని వధూవరుల చెవిన పడకుండా అన్నీ ఒక్కసారిగా మోగాలి. పురోహితుడు చెయ్యెత్తాడు. డోలు అందుకుంది. నేను పై షడ్జం ఎత్తుకున్నాను, ఊపిరి మధ్యలో తెగిపోయింది. బుగ్గలు నిండలేదు. నోట్లో పీక ఉంది, గాలి లేదు. పక్కనుంచి మా బావమరిది నా స్వరం మీదికి తన స్వరం ఎక్కించి లాక్కుపోయాడు. పెళ్ళివారెవరూ గమనించలేదు. డోలు వాయించే ముసలాయన మాత్రం నా వంక చూసి తల దించుకున్నాడు. నాకు అక్కడికక్కడ భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

బస్టాండులో బావమరిది టీ చేతిలో పెట్టి, "అక్కతో సెప్పనులే బావా" అన్నాడు. ఆ మాటకి నాకు దుఃఖం ఆగలేదు. నేనే ఇంటికెళ్ళి చెప్పాను. ఆవిడ విని, కంచంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

పుష్యమాసంలో పాత ఊరి నుంచి ఫోను వచ్చింది, గుడి పెద్ద. మా తర్వాత వచ్చినవాడు విశాఖపట్నం వెళ్ళిపోయాడట. "మేళం లేక సామికి సప్పగా ఉన్నాది నాయనా. ఇల్లు అలాగే ఉంది. రథసప్తమి లోపు ఏటో ఒకటి సెప్పు" అన్నాడు. నేను ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళాను. వీధరుగు మీద కూర్చుని ఊదాను. మొదట ఊపిరి తడబడింది, గంట గడిచేసరికి దారికి వచ్చింది. ఆరు నెలలు ఇలా కూర్చుంటే మళ్ళీ మనిషిని అవుతాను అనిపించింది. లోపలికి వెళ్ళి చూస్తే ఆ గోడ మీద సున్నం పెట్టిన గుండ్రటి మచ్చ ఇంకా కనిపిస్తోంది.

తిరిగొచ్చి మా ఆవిడకి సంగతి చెప్పాను. "ఎళ్ళండి. నా ఉద్యోగం ఇక్కడ, కిస్తీ నాను కట్టుకుంతాను. నానడ్డం రాను. నానైతే రాను" అంది. అందులో ఏడుపు లేదు, కోపం లేదు. అదే నాకు ఊపిరాడకుండా చేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి, ఒకే వాద్యం కోసం రెండు ఇళ్ళు.

సరిగ్గా అప్పుడే పై వాటా చేతులు మారింది. రాత్రి డ్యూటీ ఆయన గరివిడి వైపు వెళ్ళిపోయాడు, ఒక కొత్త జంట కొనుక్కుంది. ఇద్దరికీ ముప్ఫై దాటలేదు. రథసప్తమికి రెండు రోజుల ముందు గృహప్రవేశం, పొద్దున ఎనిమిది దాటాక ముహూర్తం. శుభకార్యం కాబట్టి తీర్మానం అడ్డురాదు. మేళం నన్నే అడిగారు. బావమరిది ముందురోజే కోటబొమ్మాళి నుంచి దిగాడు.

ఖాళీ ఇంట్లోకి వెళ్ళి షడ్జం ఊదాను. అచ్చం మా హాలు మూడేళ్ళ క్రితం పలికినట్టే పలికింది. తిరిగి గుమ్మం దగ్గరకి వచ్చి నిలబడ్డాను. ఎదురుగా ఆ పిల్ల నిండు బిందె చంకనెత్తుకుని, మొగుడు దేవుడి పటం పట్టుకుని. మెట్ల నిండా జనం. మూడేళ్ళుగా నన్ను ఆపినవాళ్ళంతా ఇవాళ చేతులు కట్టుకుని వింటున్నారు. మోహన ఎత్తుకున్నాను. ఊపిరి ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, వచ్చింది. ముగించాల్సిన చోట ముగించలేదు. బావమరిది కనుబొమలెగరేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

నిజం చెబుతాను. వాయించాలన్న ఆకలి ఒక్కటే కాదు. నేను తప్పుకుంటే వీళ్ళు లోపలికి వెళ్ళిపోతారు. ఈ గుమ్మం దాటనంతసేపే ఎక్కడికైనా పోగలరు. పిచ్చివాళ్ళలా మేము వెళ్ళాం కదా, వీళ్ళని ఇంకాసేపు ఆపుదామనిపించింది. పురోహితుడు గడియారం చూపించాడు. మా ఆవిడ మెట్ల మీద పసుపు పళ్ళెం పట్టుకుని నావైపే చూస్తోంది. ఏం జరుగుతోందో ఆవిడకి తెలిసిపోయింది. కదల్లేదు.

అప్పుడా పిల్ల బిందె ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది. నీళ్ళు తొణికి చీర తడిసింది. నవ్వుతూ, చనువుగా అంది.

"బాబయ్యా, సెయ్యి లాగేస్తంది. మమ్మల్ని మా ఇంట్లోకి పోనీరా?"

మెట్ల మీద అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ పిల్ల ముఖంలో భయం లేదు, లెక్కలు లేవు. ఎక్కడెక్కడ వంగి తల దువ్వుకుందో ఏమో. గదుల్లోకి చూస్తున్న ఆ చూపు నేను ఒకసారి చూశాను. నా పక్కనే నిలబడి మా ఆవిడ అలా చూసిన రోజున నేను మేళం వింటూ ఏడుస్తున్నాను, ఆవిడ ముఖం సరిగ్గా చూడనేలేదు. ఇప్పుడు చూశాను.

స్వరం కిందికి దించి, ముగించి, పక్కకి తప్పుకున్నాను. ఆ పిల్ల కుడికాలు లోపల పెట్టింది.

కిందికి దిగి మా వాటాలోకి వచ్చాక గుడి పెద్దకి ఫోను చేసి, రాలేనండీ అని చెప్పాను. ఎందుకు నాయనా అని ఆయన రెండుసార్లు అడిగాడు. మా ఆవిడ రాదండీ అన్నాను. పక్కనే వింటున్న మా ఆవిడ, "ఊపిరి పోద్ది మీకు" అంది. పోతుంది, నాకు తెలుసు. ఇంకో రెండు మూడు పెళ్ళిళ్ళ సీజన్లు బావమరిది కప్పిపుచ్చుతాడు, ఆ తర్వాత వాడు కూడా కప్పలేడు.

సన్నాయి సంచిలో పెట్టి తాడు బిగించాను. హాల్లో కిటికీ పక్కకి వెళ్ళి, మూడేళ్ళుగా ఖాళీగా ఉన్న మేకుకి తగిలించాను. చేయి వదిలే ముందు ఒకసారి గట్టిగా కిందికి లాగి చూశాను. మేకు కదల్లేదు.